నెల వెళ్ళాక చెబుదామన్న మాట

జియెన్ సూలువాన్‌ను మా జిల్లాలో చాలామంది తల్లులు దేవత అంటారు. ఆ మాట ఆమె ముఖం మీదే అన్నప్పుడు రెండుసార్లు నేను పక్కనే ఉన్నాను. రెండుసార్లూ ఆమె జవాబు చెప్పకుండా హెల్మెట్ పట్టీ బిగించుకుని స్కూటర్ ఎక్కేసింది. చూసినవాళ్ళు అణకువ అనుకున్నారు. నాకు ఇలాంటి పొగడ్తలంటే మొదటినుంచీ విసుగు కాబట్టి అలా అనుకోలేకపోయాను. కారణం తరవాత తెలిసింది.

ఆమె పని చెబితే చిన్నదిగానే వినిపిస్తుంది. వినికిడి లోపం ఉందని కొత్తగా తేలిన పసిపిల్లల ఇళ్ళకు వెళ్తుంది. డాక్టరు ఆ సంగతి పది నిమిషాల్లో చెప్పి తరవాతి పేషెంటును పిలుస్తాడు. మిగిలిన ఐదారేళ్ళ పని ఇంట్లో ఉంటుంది. పిల్ల చెవి మిషన్ పీకి నోట్లో పెట్టుకుంటే ఏం చెయ్యాలి, పిల్లతో మాట్లాడేటప్పుడు వెలుతురు ఎవరి ముఖం మీద పడాలి, చుట్టాలొచ్చి జాలిపడుతుంటే తల్లి వాళ్ళకు టీ ఇవ్వాలా, తలుపు చూపించాలా, ఇవన్నీ ఎవరో ఒకరు నేల మీద చాప వేసుకుని కూర్చుని చెప్పాలి. లువోదోంగ్‌లోని మా కేంద్రంలో అలా కూర్చునేవాళ్ళం నలుగురం. అందరిలోకీ ఆమె బాగా చేసేది. నేను విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళు చదివి నేర్చుకున్నది ఆమె అరగంటలో చేసి చూపించేది. ఆమె నర్సుగా పనిచేసి వచ్చిన మనిషి.

అసలు సంగతి ఆ నర్సు ఉద్యోగంలోనే ఉంది.

అప్పుడామె ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో ఉండేది. పై అంతస్తులో బాలింతలు నెల పూర్తయ్యేదాకా ఉండే గదులు. పుట్టిన పిల్లల చెవి పరీక్ష ఆమె చేసేది. పిల్ల నిద్రపోయాక నుదుటి మీదా చెవి వెనకా జెల్ రాసి తీగలు అంటించి, మిషన్ చెప్పింది కాగితం మీద రాయడం. ఎక్కువమంది పిల్లలు పాసవుతారు. కొందరు మొదటిసారి కారు, రెండోసారి అవుతారు. ఒక ఆడపిల్ల మూడో రోజునా కాలేదు, ఆరో రోజునా కాలేదు. రెండు చెవులూ. పిల్ల పేరు యున్‌హాన్. తల్లి వాన్‌రూకు ఇరవై ఆరేళ్ళు, తొలి కాన్పు. తండ్రి బోలిన్ సు-ఆవ్‌లో సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు.

ఆరో రోజు పొద్దున సూలువాన్ కాగితం పట్టుకుని గది వైపు నడుస్తుంటే లిఫ్టు దగ్గర పిల్ల నాయనమ్మ ఎదురైంది. చేతిలో నువ్వుల నూనెలో చేసిన కోడిపులుసు క్యారేజీ. రేవులో కానాగంత చేపలు శుభ్రం చేసే పనిలో ముప్ఫై ఏళ్ళు ఉన్న మనిషి, పేరు అకిమ్. చూపులోనే కాగితం సంగతి పట్టేసింది.

"ఏముంది అందులో?"

"చెవి పరీక్ష పిన్నీ. పాస్ కాలేదు. పెద్దాసుపత్రిలో మళ్ళీ చూపించాలి. అమ్మాయికి చెబుదామని వెళ్తున్నా."

"ఏమని చెప్తావు? బాలింతరాలు అది. ఏడిస్తే కళ్ళు పోతాయి, పాలు పోతాయి, అప్పుడు నువ్వొచ్చి పాలిస్తావా?"

"పిన్నీ, ఇది చెప్పాల్సిన విషయం."

"చెప్పొద్దన్నానా? నెల వెళ్ళనివ్వు. తలస్నానం చేశాక నేనే కూర్చోబెట్టి చెప్తాను. కాగితం ఇటివ్వు. ఆపరేషన్ ఏమైనా రేపే చెయ్యాలా?"

రేపే అక్కర్లేదు. నిజమే. బాలింత నెలలో ఆ మనిషికి గాలి తగలకూడదు, చన్నీళ్ళు తగలకూడదు, చెడ్డ మాట అసలే తగలకూడదు. ఇది మా దగ్గర చిన్నప్పటినుంచి ఒంట్లో ఇంకిపోయిన మర్యాద. సూలువాన్ తన కాన్పులోనూ వాళ్ళ అమ్మ చేత ఇదంతా చేయించుకుంది. కాగితం ఇచ్చేసింది. రిజిస్టరులో "కుటుంబానికి తెలియజేశాం" అని రాసింది. అందులో అబద్ధం లేదు.

జెల్ తుడవడానికి గదిలోకి వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీదనుంచి వాన్‌రూ అడిగింది.

"పరీక్ష ఎలా ఉంది అక్కా?"

"ఏడుపు లేదు, గోల లేదు. ఇంత బుద్ధిగా పడుకునే పిల్లను ఈ వారంలో చూళ్ళేదు."

"అయితే బాగానే ఉన్నట్టేగా."

సూలువాన్ చెవి వెనక తుడుస్తూ నవ్వింది. మాస్కు ఉంది కాబట్టి ఆ నవ్వు కళ్ళలోనే కనపడి ఉండాలి. వాన్‌రూ దాన్ని జవాబుగా తీసుకుంది.

నెల వెళ్ళింది. సూలువాన్ ఒకసారి ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేద్దామనుకుంటుండగానే ఆసుపత్రి నర్సుల గదికి జిగురు బియ్యం అన్నం పెట్టె, పైన ఎర్ర గుడ్లు వచ్చాయి. పెట్టె మీద యున్‌హాన్ పేరు. నెల నిండిన సంబరానికి పంచే గుడ్లవి. ఇంట్లో బాధ ఉన్నవాళ్ళు వాటిని పంచరు, పంచారంటే అంతా కుదుటపడ్డట్టే. మా ఊళ్ళో పుట్టి పెరిగిన ఎవరైనా అలాగే లెక్కవేస్తారు. సూలువాన్ కూడా వేసింది. గుడ్డు వొలుచుకుని తింది. వేళ్ళకు అంటుకున్న ఎర్ర రంగు సబ్బుతో కడుక్కుని పనిలో పడింది. ఆ ఇంటికి ఇంకో ఫోన్ చెయ్యలేదు.

ఏడాది తిరిగేలోపు రాత్రి డ్యూటీలు పడక, కూతురి బడి వేళలు కుదరక ఆ ఉద్యోగం మానేసి మా కేంద్రంలో చేరింది. ఇంకో ఏడాదిన్నరకు ఆమె బల్ల మీదకు ఒక కొత్త ఫైలు వచ్చింది. రెండేళ్ళ ఏడు నెలల పాప, రెండు చెవులా తీవ్ర లోపం, ఒక్క మాటా రాదు. పేరు చదివి ఫైలు మూసి బాత్రూముకు వెళ్ళిందట. తిరిగొచ్చి మా సూపర్‌వైజరుతో, "ఇది నాకిష్టమే, నేనే వెళ్తాను" అంది. ఎందుకలా అన్నావని చాలా కాలం తరవాత అడిగాను. "వేరేవాళ్ళు వెళ్తే తెలిసిపోతుందేమోనని భయం. నేను వెళ్తే సరిదిద్దొచ్చని ఆశ. ఏది ముందో నాకిప్పటికీ తెలీదు" అంది.

వాన్‌రూ ఆమెను గుర్తుపట్టలేదు. ఆసుపత్రిలో చూసింది మాస్కూ టోపీల మధ్య ఉన్న రెండు కళ్ళనే. మొదటిరోజే టీ పోసి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది.

"నా వల్లే టీచర్. ఐదో నెలలో కిటికీకి పరదా కర్ర పెట్టించుకోవాలని గోడకు నేనే డ్రిల్లింగ్ చేశాను. కడుపులో బిడ్డను కాచే దేవుడు ఇంట్లో రోజుకో చోట ఉంటాడని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. గోడలో ఉన్నాడేమో ఆరోజు. ఆ మోతకు..."

"గోడకు బెజ్జం వేస్తే చెవులు పోవమ్మా. డాక్టరు చెప్పారుగా."

"చెప్పారు. సరే, అదొదిలెయ్యండి. పుట్టినప్పుడు పరీక్షలో పాసయింది. ఆ తరవాతే ఏదో అయ్యుండాలి. నా కళ్ళముందే అయ్యుండాలి. నేను తల్లినేగా, రెండున్నరేళ్ళు పట్టిందా నాకు తెలియడానికి?"

సూలువాన్ టిష్యూ పెట్టె జరిపింది. ఆరోజు చెప్పాల్సింది. చెప్పలేదు. మొదటిరోజే ఎందుకు అనుకుంది. రెండో వారం, మిషన్లు కొత్తగా పెట్టారు, ఇప్పుడు వద్దు అనుకుంది. మూడో వారం పిల్ల తలుపు చప్పుడుకు కనురెప్ప ఆడించినట్టు అనిపించి వాన్‌రూ సంతోషపడింది, ఆ సంతోషం చెడగొట్టడం దేనికి అనుకుంది. ఇలాంటి కారణాలకు లోటుండదు. మంచి మనసున్నవాళ్ళకు ఇంకా ఎక్కువ దొరుకుతాయి. ఈలోగా ఆ ఇంట్లో ఆమె విలువ పెరుగుతూ పోయింది. మిషన్ ఊడిపోకుండా జుట్టుకు కట్టే దారం ఆమే అల్లి తెచ్చింది. బోలిన్‌ను కూడా చాప మీద కూర్చోబెట్టి, ఫోన్ పక్కన పెట్టించి, పిల్ల కళ్ళలోకి చూస్తూ మాట్లాడించింది. వాళ్ళు ఎంత నమ్మితే ఆమెకు నోరు అంత బిగుసుకుపోయింది.

అకిమ్ మాత్రం గడప దగ్గరే గుర్తుపట్టింది. గుర్తుపట్టి ఏమీ అనలేదు. ప్రతి వారం వెళ్ళేటప్పుడు ఒక సంచిలో చేపలు పెట్టి ఇచ్చేది. నాలుగో వారం సూలువాన్ పెరట్లోకి వెళ్ళి ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుంది. అకిమ్ చేప పొట్ట చీలుస్తూ తల ఎత్తలేదు.

"నేనెవరో మీకు తెలుసు పిన్నీ."

"మాస్కు తీస్తే కనుబొమలు మారిపోతాయా?"

"మీరామెకు చెప్పలేదు."

"నువ్వు చెప్తావనుకున్నా. జీతం తీసుకునేది నువ్వు."

"నెల వెళ్ళాక నేనే చెప్తానని మీరన్నారు."

"అన్నాను. నెల వెళ్ళింది. పిల్ల నవ్వుతోంది, ఎత్తుకుంటే ఊరుకుంటోంది. వెనకనుంచి గిన్నె మీద గరిటెతో కొడితే ఠక్కున తిరిగింది. మిషన్లకేం తెలుసులే అనుకున్నా. వీడు, నా కొడుకు, మూడేళ్ళు నిండితే గానీ నోరు విప్పలేదు. ఇప్పటికీ పెద్దగా విప్పడనుకో."

"ఆ కాగితం?"

"పంచాంగంలో పెట్టా."

"తరవాత?"

"కొత్త సంవత్సరం వచ్చింది. పాత పంచాంగం ఎవరుంచుకుంటారు?" కత్తి నీళ్ళలో ఆడించింది. "అమ్మాయ్, ఇప్పుడు చెప్తే ఏమొస్తుంది? అది నా ముఖం చూడదు. నీ ఉద్యోగం ఊడుతుంది. పిల్లకు చెవులొస్తాయా చెప్పు. వస్తాయంటే ఇప్పుడే లేచి నేనే చెప్తాను."

సూలువాన్ ఆరోజు కూడా చేపల సంచి తీసుకుంది. ఇంటికెళ్ళి వండింది, కూతురితో కలిసి తింది. ఆ సంగతి ఆమే నాకు చెప్పింది. నోరు మూసుకోవడానికి పుచ్చుకున్న కూలి అది అని ఆమె ఉద్దేశం. తినకుండా పారేసి ఉంటే ఏం బాగుపడేది అని నేనన్నాను. నవ్వలేదు.

పదో వారానికి పెద్దాసుపత్రివాళ్ళు తేల్చి చెప్పారు. చెవి మిషన్లతో ఈ పిల్లకు మాట అందడం లేదు, చెవి లోపల యంత్రం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ చెయ్యాలి, ఇప్పటికే ఆలస్యమైంది, రెండు వారాల్లో సంతకం చేస్తే తేదీ ఇస్తాం. ఏ నెల ఎంత ముఖ్యమో సూలువాన్‌కు మా అందరికంటే బాగా తెలుసు. వినకుండా గడిచిన ప్రతి నెలా పిల్ల మాట నేర్చుకునే వయసులోంచే తరిగిపోతుంది.

అకిమ్‌కు ఇది మింగుడుపడలేదు. తల దగ్గర కత్తి ఏమిటి, బడిలో వేసేటప్పుడు చూద్దాం అంది. గుడికి వెళ్ళి, అవునో కాదో తేల్చే జోస్యపు చెక్కలు నేల మీద వేసి అమ్మవారిని అడిగింది. ఒకసారి సరేనని, రెండుసార్లు వద్దని వచ్చిందట.

పదకొండో వారం మధ్యాహ్నం సూలువాన్ వెళ్ళేసరికి బయట జోరుగా వాన. అకిమ్ రేవులో ఉంది. యున్‌హాన్ నేల మీద అయస్కాంతపు బిళ్ళలు ఒకదానికొకటి అతికిస్తోంది. వాన్‌రూ సరిగ్గా ఆరని బట్టలు మడతపెడుతూ, బల్ల మీదున్న సంతకాల కాగితాన్ని కళ్ళతో చూపించింది.

"దాన్ని వెనక్కి ఇచ్చేయండి టీచర్. అత్తయ్య బడి వయసు దాకా ఆగుదామంటున్నారు."

"మీరేమంటున్నారు?"

"నేననేదేముంది? కళ్ళముందు పిల్ల చెవులు పోతుంటే కనిపెట్టలేనిదాన్ని. నాకు తోచిందల్లా తప్పే. గోడ సంగతి తప్పు, ఇదీ తప్పు. ఇకమీదట దీని విషయాలు అత్తయ్య ఎలా చెప్తే అలా. ఆవిడ ముగ్గుర్ని పెంచింది. నన్ను నేను నమ్మను."

సూలువాన్ నెలలనుంచి మోస్తున్న బరువు ఇక్కడ పనికొచ్చింది. ఆమె మనసు కరిగినందువల్లేమీ కాదు. కరగడం పదకొండు వారాలుగా జరుగుతూనే ఉంది, దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. అపరాధ భావం ఉండటమే మంచితనానికి గుర్తని మనం తెగ మురిసిపోతాం. ఆ పదకొండు వారాలూ అది చేసిందల్లా ఆమెను ఇంకా ఇంపుగా మాట్లాడేలా చెయ్యడమే. ఆరోజు తేడా ఒకటే. తను నోరు విప్పకపోతే ఈ తల్లి తన పిల్లను, కాగితం దాచిన మనిషి చేతిలోనే పూర్తిగా పెట్టేయబోతోంది.

"పుట్టినప్పుడు యున్‌హాన్ పాస్ కాలేదు" అంది సూలువాన్.

వాన్‌రూ చేతిలో పిల్ల చొక్కా ఉంది. మడత ఆపలేదు.

"రెండుసార్లు చేశాం. రెండు చెవులూ పాస్ కాలేదు. చేసింది నేను. అప్పుడు ఆ ఆసుపత్రిలో నర్సును. కాగితం మీకివ్వకుండా మీ అత్తగారికిచ్చాను. నెల వెళ్ళాక చెప్తానన్నారు, సరేనన్నాను. తరవాత కనుక్కోలేదు."

"ఏ రోజు?"

"ఆరో రోజు. పొద్దున."

వాన్‌రూ చొక్కా బల్ల మీద పెట్టింది.

"నేనడిగాను" అంది. "నువ్వు పిల్ల చెవి వెనక తుడుస్తున్నావు. ఎలా ఉందని అడిగాను."

"అడిగారు."

"బుద్ధిగా పడుకుంది అన్నావు."

"అన్నాను."

"ఎనిమిదో నెలలో వంటింట్లో పెద్ద మూకుడు జారి పడింది. నేను ఉలిక్కిపడ్డాను, ఇది బొమ్మ నాకుతూ కూర్చుంది. సాయంత్రం ఆయనతో చెప్తే, నీకేమైనా పిచ్చా, పరీక్ష పాసయిందిగా అన్నాడు. అవును పాసయిందిగా అని ఊరుకున్నాను. ఏడాదికి మళ్ళీ అనిపించింది. మళ్ళీ అదే మాట చెప్పుకున్నాను." గొంతు పెరగలేదు. "అంటే నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నాకు తెలుస్తూనే ఉంది."

సూలువాన్ తల ఊపింది.

"గోడకు బెజ్జం సంగతి నీ ముందు ఎన్ని వారాలు ఏడ్చాను?"

"నాలుగు."

"టిష్యూలిచ్చావు."

క్షమించమని అడగడానికి సూలువాన్ ఇన్ని వారాలుగా కూర్చుకున్న మాటలు కొన్ని ఉన్నాయట. ఆ ముఖం చూశాక క్షమాపణ అడగడం కూడా ఆ ఇంటినుంచి ఇంకోటి పుచ్చుకోవడమే అనిపించి ఊరుకుంది.

వాన్‌రూ కలం తీసుకుని కాగితం మీద సంతకం చేసింది. రెండో పేజీలో కూడా చేసింది. తడి చెయ్యి తగిలి మూల నానితే ఊది ఆరబెట్టి ఇచ్చింది.

"ఇది ఈరోజే ఇచ్చెయ్. వచ్చే వారంనుంచి వేరేవాళ్ళను పంపించు. నువ్వు రావద్దు."

యున్‌హాన్ లేచి వచ్చి ఎప్పటిలాగే సూలువాన్ సంచి పట్టుకుని బొమ్మల కోసం లాగింది. వాన్‌రూ వచ్చి పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

ఆ వేరే మనిషిని నేనే. ఫైలు నాకు మారుస్తూ మా సూపర్‌వైజరు కారణం దగ్గర "ప్రాంతం మార్పు" అని రాద్దామంది. కేంద్రం పేరు పోతుందని ఆవిడ బాధ. సూలువాన్ ఆ గడిలో జరిగినదంతా తన చేత్తో రాసింది, చోటు చాలక వెనకవైపుకు కూడా వెళ్ళింది. ఉద్యోగం పోతుందనుకుంది. పోలేదు. ఒక హెచ్చరిక ఉత్తరం, మూడు నెలలు బల్ల పని. అంతటితో సరిపెట్టినందుకు ఆమె నొచ్చుకుంది. శిక్ష పెద్దదయితే తీరిపోతుందని ఎక్కడో ఆశ పెట్టుకున్నట్టుంది.

నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో కొన్ని మారాయి. వాన్‌రూ పుట్టింటికి వెళ్ళలేదు. అత్తతో పోట్లాట కూడా ఒక్క సాయంత్రమేనట, అదీ బోలిన్ షిఫ్టుకు వెళ్ళాక. ఆసుపత్రి ఉత్తరాలు ఇప్పుడు వాన్‌రూ పేరు మీదే వస్తాయి. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీలు ఆమె రాస్తుంది, అకిమ్ చదువుకుంటుంది. నేను మొదటిరోజు ఏదో మాట మెత్తగా చెప్పబోతే వాన్‌రూ చెయ్యి అడ్డం పెట్టింది. "నాన్చకు టీచర్. ఎంత ఉందో అంతా చెప్పు. ఏడుపొస్తే నేను చూసుకుంటా." పెరటి గుమ్మంలోంచి అకిమ్ గొణిగింది: "ఎవరి దగ్గర నేర్చిందో ఈ దబాయింపు." వాన్‌రూ అటు తిరక్కుండానే, "మీ దగ్గరే అత్తయ్యా" అంది.

ఆపరేషన్ అయింది. నెల తరవాత మిషన్ మొదటిసారి ఆన్ చేసే రోజున నన్ను రమ్మంటే వెళ్ళాను. యున్‌హాన్ మొదట ఏడ్చింది. తరవాత ఏడుపు ఆపి, తన ఏడుపు ఆగిపోవడమే వింతైనట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వాన్‌రూ వెనక నిలబడి పేరు పెట్టి పిలిచింది. కదల్లేదు. ఇంకోసారి పిలిచింది. పిల్ల తల కొంచెం పక్కకు వంగింది. తిరిగిందనడానికి లేదు, వంగింది.

బయట వరండాలో బస్సు కోసం ఎదురుచూస్తుంటే వాన్‌రూ అడిగింది.

"ఆవిడ దీని గురించి అడుగుతుందా?"

"అడగదు. ఫైలు మారాక అడగకూడదని నియమం. నియమం లేకపోయినా అడగదు."

వాన్‌రూ పిల్ల తల మీద టోపీ సర్దింది. క్షమించానని చెప్పమంటుందేమోనని నేను ఎదురుచూశాను. అలా చెప్పించుకోవడానికి మనుషులు ఎంత ఆత్రపడతారో నాకు తెలుసు, నేనూ మినహాయింపు కాదు. ఆమె ఆ మాట అనలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు.

"చెప్పు" అంది. "అడక్కపోయినా చెప్పు. జరిగింది జరిగినట్టు. ఎక్కువ చెయ్యకు."

మర్నాడు మధ్యాహ్నం భోజనాల గదిలో, వాన్‌రూ అన్న మాటతో సహా చెప్పాను. సూలువాన్ అన్నం పెట్టె ముందు పెట్టుకుని విన్నది.

"ఎన్నో పిలుపుకు?"

"రెండో పిలుపుకు. తల వంచింది, అంతే."

"మూడేళ్ళు నిండి నాలుగు రోజులు" అంది. "ఏడాదికే అయ్యేది."

నేను ఏదో అనబోయాను. అప్పటి పద్ధతులు, అత్తగారి మాట, ఎవరైనా అదే చేసేవాళ్ళు, ఇలాంటివే. ఆమె అన్నం తినే పుల్లలు పక్కన పెట్టి నా వైపు చూసింది.

"ఆమె ఎక్కువ చెయ్యొద్దంది కదా" అంది.

పెట్టెకు మూత పెట్టి కడగడానికి తీసుకెళ్ళింది. అన్నం సగం అలాగే ఉంది.